ఇంటి దొంగను పట్టించిన మూడు తేదీలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా. ఇవాళ్టి ఇంటి దొంగ అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో ఆఫీసర్. దాదాపు తొమ్మిదేళ్లు ఎవరికీ దొరకలేదు. అతన్ని పట్టడంలో అసలు పని చేసింది ఒక చిన్న టీమ్. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం, తేదీల లిస్టు.

కథలోకి వెళ్లే ముందు నా సంగతి ఒకటి. వీడియోలు చేయకముందు నేను హైదరాబాద్‌లో బ్యాకెండ్ ఇంజనీర్‌ని. ఒకసారి మా ప్రాజెక్ట్ నుంచి కస్టమర్ల డేటా బయటికి పోయింది. మీటింగ్ రూమ్ తలుపు వేసి, "నీకు ఎవరి మీద డౌట్?" అని అడిగారు. నేను ఒక పేరు చెప్పాను. తర్వాత ఏమైందో చివర్లో చెప్తా. ముందు 1985కి వెళ్దాం.

1985 ఏప్రిల్ 16, వాషింగ్టన్. ఆల్డ్రిచ్ ఏమ్స్ అనే 43 ఏళ్ల సీఐఏ ఆఫీసర్ సోవియట్ యూనియన్ ఎంబసీలోకి నడుచుకుంటూ వెళ్లి, రిసెప్షన్‌లో ఒక కవర్ ఇచ్చి వచ్చేశాడు. అంత ఓపెన్‌గా ఎలా వెళ్లాడు అంటారా? సోవియట్ డిప్లొమాట్లతో పరిచయం పెంచుకుని, వాళ్లలో ఎవరైనా మన వైపు తిరుగుతారేమో చూడటం అతని ఉద్యోగంలో భాగమే. ఆఫీసు పర్మిషన్‌తోనే వెళ్లాడు. కాబట్టి ఎవరికీ తేడా అనిపించలేదు.

కవర్‌లో ఏముంది? సీఐఏకి పనిచేస్తున్నట్టు కనిపించే ఇద్దరు ముగ్గురు సోవియట్ మనుషుల పేర్లు, తను ఎవరో నిరూపించే కాగితం, 50,000 డాలర్లు కావాలనే డిమాండ్. అప్పటి రేటు ప్రకారం మన డబ్బుల్లో సుమారు 6 లక్షలు. మొదటి భార్యతో విడాకులు, అప్పులు, రెండో పెళ్లి ఖర్చులు. ఒక్కసారి డబ్బు తీసుకుని ఆపేద్దామనుకున్నానని తర్వాత అతనే చెప్పాడు.

ఆగలేదు. జూన్ 13న జార్జ్‌టౌన్‌లో చాడ్విక్స్ అనే రెస్టారెంట్‌లో సెర్గీ చువాఖిన్ అనే సోవియట్ డిప్లొమాట్‌తో లంచ్‌కి కూర్చుని, ప్లాస్టిక్ సంచీలో మూడు కేజీల దాకా రహస్య పత్రాలు ఇచ్చేశాడు. సోవియట్ యూనియన్ లోపల అమెరికా కోసం పనిచేస్తున్న ముఖ్యమైన ఏజెంట్లు దాదాపు అందరి పేర్లూ అందులో ఉన్నాయి. ఇక్కడ అతని లాజిక్ వింటే ఒళ్లు జలదరిస్తుంది. కేజీబీ లోపల సీఐఏ మనుషులు ఉన్నారు కదా, వాళ్లలో ఎవరో ఒకరు "మీ ఆఫీసులో ఒకడు అమ్ముడుపోయాడు" అని వాషింగ్టన్‌కి చెప్పేస్తే? అందుకని, తన గురించి చెప్పగలిగే వాళ్లందరి పేర్లూ ముందుగా తనే ఇచ్చేశాడు.

ఆ లిస్టులో ఒక్క పేరు గురించి ఆగి మాట్లాడుకుందాం. దిమిత్రి పొల్యకోవ్. సోవియట్ మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో మేజర్ జనరల్. 1960ల మొదట్నుంచి అమెరికాకి సమాచారం ఇచ్చాడు. 1970లలో ఢిల్లీలోని సోవియట్ ఎంబసీలో పనిచేశాడు, అవును, మన ఢిల్లీలోనే. అక్కడ కూడా సీఐఏ ఆఫీసర్‌ని కలిసేవాడు. డబ్బు పెద్దగా అడిగేవాడు కాదు. చేతి పనిముట్లు, చేపలు పట్టే సామాను లాంటివి తెప్పించుకునేవాడు. 1980లో రిటైరై ఇంట్లో ఉన్న ఆ పెద్దాయన్ని 1986లో అరెస్ట్ చేశారు. 1988లో మరణశిక్ష అమలైంది.

ఏమ్స్ ఇచ్చిన పేర్లలో కనీసం 10 మందిని చంపేశారు. డేటా లీక్ అని మనం ఈజీగా అనేస్తాం. ఈ లీక్‌లో ప్రతి ఫైల్ వెనకా ఒక మనిషి, ఒక కుటుంబం.

ఇప్పుడు సీఐఏ వైపు నుంచి చూడండి. 1985 చివరికల్లా ఒక్కొక్క ఏజెంట్ మాయమైపోతున్నాడు. ఒకతను సెలవు మీద మాస్కో వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇంకొకతను రావాల్సిన మీటింగ్‌కి రాలేదు. సర్వర్లు వరసపెట్టి డౌన్ అవుతుంటే మనకెలా ఉంటుందో అలా. కారణం తెలియదు. అంచనాలు మాత్రం బోలెడు.

మొదటి అంచనా, మన మెసేజ్‌లను వాళ్లు మధ్యలో చదివేస్తున్నారేమో. టెస్ట్ చేశారు. లేని ఏజెంట్‌ని ఉన్నట్టు మెసేజ్‌లు పంపి, కేజీబీలో కదలిక వస్తుందేమో చూశారు. ఏమీ రాలేదు.

రెండో అంచనా, ఎడ్వర్డ్ లీ హోవార్డ్. ఇతన్ని 1983లోనే సీఐఏ ఉద్యోగంలోంచి తీసేసింది. కోపంతో సోవియట్‌లకి రహస్యాలు అమ్మి, 1985 సెప్టెంబర్‌లో దేశం వదిలి పారిపోయాడు. ఇంకేం, దొంగ దొరికేశాడు అనుకున్నారు చాలామంది. కానీ పోయిన కేసుల్లో చాలా వాటి గురించి హోవార్డ్‌కి తెలిసే అవకాశమే లేదు.

మూడోది, మాస్కోలోని అమెరికా ఎంబసీకి కాపలా ఉండే సైనికుడు ఒకతను కేజీబీ వలలో పడ్డాడని తేలింది. రాత్రిపూట వాళ్లని ఎంబసీ లోపలికి రానిచ్చాడేమో అని కొన్ని నెలలు ఆ దారిలో వెతికారు. అదీ నిలబడలేదు. పైగా అసలు మనిషిని కాపాడటానికి కేజీబీ కూడా కావాలనే తప్పుడు క్లూలు వదిలింది.

1986లో జీన్ వెర్టెఫీ అనే సీనియర్ ఆఫీసర్‌కి ఒక చిన్న టీమ్ ఇచ్చారు. ఆవిడ సీఐఏలో టైపిస్టుగా చేరి, మెట్టు మెట్టుగా పైకొచ్చిన మనిషి. ఆఫీసు ఫైళ్లన్నీ ఆవిడ తలలో ఉండేవట. కానీ పైవాళ్లకి ఇది అర్జెంట్ పనిగా అనిపించలేదు. కొత్త నష్టాలు ఆగిపోయాయి కదా, సమస్య అయిపోయింది అనుకున్నారు. మనకీ తెలిసిన సీనే. బగ్ దానంతటది మాయమైతే టికెట్ క్లోజ్ చేసేస్తాం కదా, అలా.

ఈలోగా ఏమ్స్ ఏం చేస్తున్నాడు? రోమ్‌లో మూడేళ్లు పోస్టింగ్ చేసి 1989లో తిరిగొచ్చాడు. వర్జీనియాలో 5,40,000 డాలర్ల ఇల్లు, లోన్ లేకుండా మొత్తం కట్టేసి కొన్నాడు. జాగ్వార్ కారు. ఖరీదైన సూట్లు. పళ్లు కూడా బాగు చేయించుకున్నాడు. జీతం చూస్తే ఏడాదికి 70,000 డాలర్ల లోపు. ఇంట్లో మనకి మామూలుగా అనిపించే ప్రశ్నే, "వీడికింత డబ్బు ఎక్కడిది?" అని, డయానా వర్తెన్ అనే సహోద్యోగికి వచ్చింది. ఆవిడ 1989లోనే వెళ్లి చెప్పింది.

ఏమ్స్ దగ్గర సమాధానం రెడీగా ఉంది. భార్య రొసారియో కొలంబియా మనిషి, అత్తగారిది డబ్బున్న కుటుంబం. సీఐఏ పైపైన ఒక చెక్ చేసింది. అవును, పరువైన కుటుంబమే అని రిపోర్ట్ వచ్చింది. ఫైల్ పక్కన పెట్టేశారు.

మరి లై డిటెక్టర్? 1986లో పెట్టారు, పాసయ్యాడు. 1991లో పెట్టారు, మళ్లీ పాసయ్యాడు. దీనికి ట్రిక్ ఏంటని కేజీబీ వాళ్లని అడిగితే వాళ్లు చెప్పింది ఇంతే, రాత్రి బాగా నిద్రపో, టెన్షన్ పడకు, టెస్ట్ చేసేవాడితో స్నేహంగా మాట్లాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు అంటాం మనం. ఈ మెషిన్ మొత్తం ఆ సామెత మీదే నడుస్తుంది. తడుముకోని దొంగ ఎదురైతే దానికి దారి లేదు.

1991లో దర్యాప్తు మళ్లీ ఊపందుకుంది. ఎఫ్‌బీఐ కలిసింది. సీఐఏ నుంచి శాండీ గ్రైమ్స్ అనే ఆఫీసర్ టీమ్‌లోకి వచ్చింది. ఇందాక చెప్పిన పొల్యకోవ్ కేసు మీద ఏళ్ల తరబడి పనిచేసింది ఆవిడే. ఆయన్ని ఎవరు చంపించారో తెలుసుకోవాలనేది ఆవిడకి ఉద్యోగం కంటే ఎక్కువ.

పోయిన కేసుల గురించి తెలిసే అవకాశం ఉన్న వాళ్లు 198 మంది అని తేల్చారు. అందులోంచి 29 మందిని దగ్గరగా చూడాలనుకున్నారు. తర్వాత టీమ్‌లో ప్రతి ఒక్కరూ తమకు ఎవరి మీద ఎక్కువ అనుమానమో వరసగా రాశారు. ఏమ్స్‌కి ఎక్కువ ఓట్లు పడ్డాయి. గ్రైమ్స్ లిస్టులో మొదటి పేరు అతనిదే. రోమ్ నుంచి వచ్చాక మనిషి నడక కూడా మారిపోయిందని ఆవిడకి అనిపించింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇప్పటిదాకా ఉన్నది ఏంటి? అనుమానం. అంతే. నడక మారింది, సూట్ మారింది, అందుకని దేశద్రోహి అంటే కుదరదు. గ్రైమ్స్‌కీ ఆ సంగతి తెలుసు. అందుకే ఒక చాలా బోరింగ్ పని మొదలుపెట్టింది. ఏమ్స్ ఏ రోజు ఎక్కడున్నాడు, ఎవరిని కలిశాడు, ఎప్పుడు సెలవు పెట్టాడు, దొరికిన ప్రతి చిన్న రికార్డునీ తేదీల వారీగా టైప్ చేస్తూ పోయింది. చువాఖిన్‌తో లంచ్‌లు కూడా అందులో ఉన్నాయి. ఎందుకంటే అవి ఆఫీసు అనుమతితో జరిగిన మీటింగ్‌లు, చాలా వాటిని ఏమ్స్ స్వయంగా రిపోర్ట్ చేశాడు. తన లాగ్స్ తనే రాసుకున్నాడన్నమాట.

ఇంకో పక్క డాన్ పేన్ అనే అతను ఏమ్స్ బ్యాంక్ రికార్డులు తెప్పించాడు. 1992 ఆగస్ట్‌లో ఆ రెండూ పక్కపక్కన పెట్టారు.

1985 మే 17, చువాఖిన్‌తో లంచ్. మే 18, బ్యాంకులో 9,000 డాలర్ల క్యాష్.
జులై 2, చువాఖిన్‌తో లంచ్. జులై 5, 5,000 డాలర్లు.
జులై 31, చువాఖిన్‌తో లంచ్. అదే రోజు, 8,500 డాలర్లు.

మూడు లంచ్‌లు, మూడు డిపాజిట్లు. ఒక్కోటీ 10,000 లోపే. ఎందుకు? అమెరికాలో 10,000 డాలర్లు దాటి క్యాష్ వేస్తే బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్ట్ పంపాలి. మన దగ్గర పెద్ద మొత్తంలో క్యాష్ వేస్తే పాన్ నంబర్ అడుగుతారు కదా, ఆ టైపు. దొరక్కుండా ఉండాలని చిన్న మొత్తాలుగా వేశాడు. ఆ జాగ్రత్తే తేదీలుగా మిగిలిపోయింది.

గ్రైమ్స్ అప్పటికప్పుడు బాస్ గదిలోకి వెళ్లి, ఇతనే అని చెప్పేసింది. మరి ఆ సాయంత్రమే అరెస్ట్ చేశారా? లేదు. కోర్టులో నిలబడే సాక్ష్యం కావాలి. 1993 మేలో ఎఫ్‌బీఐ పూర్తి స్థాయి కేసు మొదలుపెట్టింది. ఇంటి ముందు చెత్త డబ్బా వెతికితే సెప్టెంబర్‌లో చింపేసిన చీటీ దొరికింది. ముక్కలు అతికిస్తే, బొగొటాలో ఒక రహస్య మీటింగ్ గురించి రాసుకున్నది. ఇంట్లో కంప్యూటర్‌లో కూడా ఫైళ్లు దొరికాయి. 1994 ఫిబ్రవరి 21న, మాస్కో ప్రయాణానికి ముందు, ఆఫీసులో పనుందని పిలిచి దారిలోనే అరెస్ట్ చేశారు. తప్పుడు మనిషిని పట్టుకున్నారని అరిచాడట. ఏప్రిల్‌లో నేరం ఒప్పుకున్నాడు. జీవిత ఖైదు, పెరోల్ లేదు. అప్పటికి అతను తీసుకున్నది సుమారు 25 లక్షల డాలర్లు.

ఒక చిన్న ముచ్చట. అరెస్ట్ తర్వాత వెర్టెఫీ వెళ్లి అతన్ని ప్రశ్నించింది. అప్పుడు ఏమ్స్ ఏం చెప్పాడంటే, "నీ బదులు ఎవరి మీదకి అనుమానం తిప్పుదాం" అని కేజీబీ అడిగినప్పుడు తను ఆవిడ పేరే ఇచ్చాడట! ఆవిడ పగలబడి నవ్వింది.

ఇక్కడితో ఆపేస్తే మంచి సినిమా. కానీ నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నది దీని తర్వాతి కథ కోసం.

ఏమ్స్ దొరికాక కూడా లెక్క సరిపోలేదు. ఉదాహరణకి 1989లో ఫెలిక్స్ బ్లాక్ అనే అమెరికన్ డిప్లొమాట్ మీద రహస్య విచారణ జరుగుతుంటే, కేజీబీ అతన్ని ముందే హెచ్చరించింది. ఆ విచారణ గురించి ఏమ్స్‌కి తెలియదు. అంటే ఇంకో ఇంటి దొంగ ఉన్నాడు. ఎఫ్‌బీఐ మళ్లీ వేట మొదలుపెట్టి, ఒక మనిషి దగ్గర ఆగింది. బ్రయాన్ కెల్లీ, సీఐఏ ఆఫీసర్. బ్లాక్ కేసులో ముఖ్యమైన పని చేసింది అతనే. కాబట్టి అతనికి తెలుసు. కాబట్టి అతనే.

ఇంట్లో రహస్యంగా సోదా చేస్తే ఒక పార్క్ మ్యాప్ దొరికింది. దాని మీద గుర్తులు, పక్కన టైమింగ్‌లు. ఇంకేముంది, డాక్యుమెంట్లు దాచే చోట్లు అనుకున్నారు. నిజానికి అది కెల్లీ జాగింగ్ మ్యాప్. లై డిటెక్టర్ పెడితే పాసయ్యాడు. ఎంత ట్రైనింగ్ లేకపోతే పాసవుతాడు అనుకున్నారు. ఒక రోజు రష్యన్ యాసతో మాట్లాడే మనిషిని అతని తలుపు దగ్గరికి పంపారు. "నీ గురించి వాళ్లకి తెలిసిపోయింది, పారిపో" అని చెప్పించారు. కెల్లీ మర్నాడు వెళ్లి ఆఫీసులో ఆ సంగతి రిపోర్ట్ చేశాడు. నిర్దోషి చేసే పనే కదా? చూశారా ఎంత తెలివిగా నటిస్తున్నాడో అనుకున్నారు.

1999 ఆగస్ట్‌లో అతన్ని కూర్చోబెట్టి, నువ్వే గూఢచారివి అని చెప్పేశారు. ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. పిల్లలకి, అక్కచెల్లెళ్లకి కూడా వెళ్లి మీవాడు దేశద్రోహి అన్నారు. ఏడాదిన్నరకు పైగా ఆ కుటుంబం అలాగే బతికింది.

2000లో ఎఫ్‌బీఐ ఒక మాజీ రష్యన్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌కి 70 లక్షల డాలర్లు ఇచ్చి, ఆ ఇంటి దొంగ తాలూకు కేజీబీ ఫైల్ కొన్నది. అందులో ఒక ఆడియో టేప్ ఉంది. కెల్లీ గొంతు వస్తుందని ప్లే చేశారు. వచ్చింది కెల్లీ గొంతు కాదు. విన్నవాళ్లకి బాగా తెలిసిన గొంతే. రాబర్ట్ హాన్సెన్, ఎఫ్‌బీఐ సొంత మనిషి. 1979 నుంచి రహస్యాలు అమ్ముతున్నాడు. పొల్యకోవ్ పేరు ఏమ్స్ కంటే ముందు అమ్మింది కూడా ఇతనే. ఇంకా దారుణం, 1980లలో లోపలి ద్రోహిని వెతికే పని ఒకసారి ఎఫ్‌బీఐ అతనికే అప్పగించింది! 2001 ఫిబ్రవరి 18న వర్జీనియాలో ఒక పార్క్ దగ్గర దొరికాడు. 2023లో జైల్లోనే చనిపోయాడు. కెల్లీకి ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, ఉద్యోగం తిరిగొచ్చింది. పోయిన రోజులు రాలేదు.

కామెంట్స్‌లో మీరు రాసేలోపే నేనే చెప్తా. ఏమ్స్ దొరికిన 1994లోనే మన దేశంలో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ని, రాకెట్ రహస్యాలు విదేశాలకి అమ్మాడని అరెస్ట్ చేశారు. 1996లో సీబీఐ ఆ ఆరోపణలు అబద్ధమని తేల్చింది. 50 లక్షల పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 వచ్చింది.

ఇప్పుడు ఏమ్స్ కేసుని, కెల్లీ కేసుని పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ మొదట ఉన్నది అనుమానమే. గ్రైమ్స్ కూడా ముందు మనిషిని అనుమానించింది, తర్వాతే తేదీలు చూసింది. మరి తేడా ఎక్కడ? లంచ్ తేదీలకీ డిపాజిట్ తేదీలకీ సంబంధం లేకపోయి ఉంటే గ్రైమ్స్ అనుమానం అక్కడే బలహీనపడేది. అంటే తను తప్పు అని తేలే దారి ఒకటి ఆవిడ తెరిచి పెట్టుకుంది. కెల్లీ విషయంలో ఆ దారి మూసేశారు. టెస్ట్ ఫెయిలైతే దొంగ, పాసైతే గడుసు దొంగ. పారిపోతే దొంగ, రిపోర్ట్ చేస్తే నటించే దొంగ. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే అవుట్‌పుట్ వచ్చే ఫంక్షన్‌ని మనం టెస్ట్ అనం కదా. వాళ్లు కెల్లీ మీద ఉన్న రోజుల్లో అసలు దొంగ హాయిగా ఆఫీసుకి వెళ్లొస్తూనే ఉన్నాడు. తప్పుడు మనిషిని పట్టుకుంటే నష్టం ఒకటి కాదు, రెండు.

ఇక నా సంగతి. ఆ రోజు మీటింగ్ రూమ్‌లో నేను చెప్పింది, నేను అన్నా అని పిలిచే ఒక సీనియర్ పేరు. కారణం? నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు, వారం రోజులుగా అర్ధరాత్రి దాకా లాగిన్‌లో ఉంటున్నాడు. గంటలో ఆయన ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. నాలుగు రోజులకి ఎవరో యాక్సెస్ లాగ్స్ సరిగ్గా చూశారు. డౌన్‌లోడ్ ప్రతి రాత్రీ ఒకే నిమిషానికి మొదలవుతోంది, ఆయన ల్యాప్‌టాప్ లాక్కున్న తర్వాత కూడా. మనిషి పని కాదు. బయటి వెండర్‌కి ఇచ్చిన కీ ఒకటి ఎక్కడో షేర్డ్ ఫోల్డర్‌లో ఉండిపోయింది. మరి అన్న అర్ధరాత్రి ఏం చేస్తున్నాడు? తను వెళ్లాక నేను ఇబ్బంది పడకూడదని, నాకోసం హ్యాండోవర్ డాక్యుమెంట్లు రాస్తున్నాడు.

లాగ్స్ మొదటి రోజు నుంచి అక్కడే ఉన్నాయి. నేను తెరిచి చూడలేదు. పేరు చెప్పడానికి ఐదు సెకన్లు పట్టింది, లాగ్ చూడటానికి అరగంట పట్టేది.

ఈ స్క్రిప్ట్ రాస్తూ పోయిన వారం ఆయనకి ఫోన్ చేసి, ఆ పేరు చెప్పింది నేనే అన్నా, సారీ అన్నాను. "అప్పుడే తెలుసు తమ్ముడూ" అన్నాడు. తర్వాత మా అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

రేపు మీ ఆఫీసులోనో, హాస్టల్‌లోనో, ఇంట్లోనో ఏదో ఒకటి పోతుంది. నీకు ఎవరి మీద డౌట్ అని మిమ్మల్నీ అడుగుతారు. పేరు నోటి చివరిదాకా వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇతను కాకపోతే ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది? దానికి జవాబు దొరికేదాకా ఆ పేరు నోట్లోనే ఉండనివ్వండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.